బిరుదు రాయకపోతే మర్యాద తగ్గుతుందా?

పోయిన నెల మా హైస్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక శిలాఫలకం మీద పది రోజులు వాదన నడిచింది. మాకు లెక్కలు చెప్పిన మేష్టారు పోయి ఏడాదయింది. ఆయన పేరు మీద స్కూల్లో ఒక గది కట్టించాం. చిన్న లైబ్రరీ అది. గుమ్మం పక్కన గోడకి రాయి పెట్టాలి. ఆ రాయి మీద ఏం చెక్కించాలన్న దగ్గర వచ్చింది గొడవ.

మొదటి డ్రాఫ్టు రాసిన మిత్రుడు ఎంతో శ్రద్ధగా రాశాడు. పేరుకి ముందు కీర్తిశేషులు, ప్రముఖ విద్యావేత్త, గణితశాస్త్ర కోవిదులు. పేరు తర్వాత డిగ్రీలు. ఆ కింద జిల్లా ఉత్తమ ఉపాధ్యాయ పురస్కార గ్రహీత. మొత్తం అయిదు వరుసలు వచ్చాయి. ఆయన పేరు మూడో వరుసలో ఎక్కడో ఇరుక్కుని ఉంది.

"పేరు రాసి పక్కన మేష్టారు అని పెడితే చాలదా?" అని అడిగాను. వెంటనే జవాబొచ్చింది: "అంత పెద్దాయన్ని ఉత్త మేష్టారు అంటే ఏం బాగుంటుందిరా?"

ఆ 'ఉత్త' అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన ఉద్యోగం చేసిన కాలమంతా, రిటైరయ్యాక కూడా, రోడ్డు మీద ఆయన కనబడితే అందరి నోటా వచ్చిన పిలుపు అదొక్కటే. సైకిలు దిగి "మేష్టారూ, బాగున్నారా" అన్నవాళ్ళే తప్ప "విద్యావేత్త గారూ" అన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. మరి ఆయన పోయాక ఆ పిలుపు ఎందుకు తక్కువైపోయింది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హోదాల్నీ బిరుదుల్నీ జనం తమ నోటికి తగ్గట్టు కుదించుకుని, వాటికి చుట్టరికం కలుపుకుని పిలుచుకునే మాటలు మర్యాదలో తక్కువవి కావు. చాలాసార్లు అసలు మర్యాద ఉండేది వాటిలోనే. వాటిని 'పద్ధతిగా' దిద్దాలని చూస్తే ఉన్న మర్యాద కాస్తా పోతుంది. ఈ మాట గ్రూపులో రెండు వాక్యాల్లో చెప్పబోయి కుదరక ఊరుకున్నాను. పైగా రాయడానికి కూచుంటే నాకే ఎన్నో అనుమానాలు వచ్చాయి. అవి కూడా ఇక్కడ పెడతాను.

రాజులిచ్చింది, రైతులిచ్చింది

తెల్లదొరల కాలపు అధికారి థామస్ మన్రో సంగతే తీసుకోండి. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి, అంటే ఇప్పటి రాయలసీమ వైపు జిల్లాలకి, ప్రిన్సిపల్ కలెక్టరు. గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి, రైతుతో నేరుగా కూచుని శిస్తు తేల్చిన మనిషి. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండు రాజు నైట్‌హుడ్ ఇచ్చాడు, 1825లో బారొనెట్‌ని చేశాడు. సీమ రైతులకి ఇవేవీ పట్టలేదు. వాళ్ళకి ఆయన మన్రోలప్ప. చివరనున్న ఆ 'అప్ప'ని చూడండి. తండ్రిని పిలిచే మాట అది. పుట్టిన మగపిల్లలకి ఆ పేరే పెట్టుకున్నారు. 1827లో పత్తికొండ దగ్గర కలరా వచ్చి చనిపోయాడు. ఆయన బారొనెట్ అన్న సంగతి ఈ రోజు చరిత్ర చదివినవాళ్ళకి తప్ప తెలీదు. మన్రోలప్ప అన్న పేరు మాత్రం అక్కడ తాతల నుంచి మనవల దాకా వచ్చింది.

గోదావరి దగ్గర కూడా అంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్‌కి 'సర్' బిరుదు వచ్చింది 1861లో. అంటే రాణిగారి కంటే ముందే నీళ్ళందిన పొలాలవాళ్ళు ఆయన్ని తెలుసుకున్నారు. ఆ జిల్లాల్లో ఇప్పటికీ కాటన్ దొర అంటారే గాని సర్ ఆర్థర్ అనేవాళ్ళు కనబడరు.

మనవాళ్ళకి తెల్లవాళ్ళిచ్చిన బిరుదులు ఏమయ్యాయి? కందుకూరి వీరేశలింగానికి 1893లో రావు బహదూర్ ఇచ్చారు. ఆయన రాజమండ్రికీ, ఆ తర్వాత మనందరికీ వీరేశలింగం పంతులుగారుగానే మిగిలారు. గిడుగు రామమూర్తి గారిది నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషికి ప్రభుత్వం రావు సాహెబ్ అన్న బిరుదిచ్చింది. జనం మాత్రం 'గిడుగు పిడుగు' అన్నారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని చేసుకుంటాం కదా, ఆ సభల్లో ఎవరైనా రావు సాహెబ్ అనడం విన్నారా? పిడుగు అన్న మాట వినని సభ ఉండదు.

ఇచ్చినవాడి అధికారం ఉన్నంత కాలమే ఆ బిరుదుకి ఊపిరి. రావు బహదూర్, దివాన్ బహదూర్ అన్నవి తెల్లదొరలతోపాటే ఓడెక్కాయి. రాజ్యాంగం 18వ అధికరణం, సైన్యంలో చదువులో వచ్చేవి తప్ప ప్రభుత్వం ఇక ఏ బిరుదులూ ఇవ్వకూడదంది. 1931లో సర్ బిరుదు పొందిన సర్వేపల్లి రాధాకృష్ణన్ స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని వాడటం మానేశారు. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకి ముందూ వెనకా తగిలించుకోకూడదనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా మన ఆహ్వాన పత్రికల్లో 'పద్మశ్రీ ఫలానా' అని అచ్చవుతూనే ఉంటుంది. ఆ పత్రికలు వేసేవాళ్ళని తప్పుపట్టలేను. తమ సభకొచ్చే మనిషి గొప్పవాడని నలుగురికీ చెప్పుకోవాలన్న ఆరాటం వాళ్ళది. కాకపోతే ఆ గొప్ప చెప్పడానికి మన దగ్గర ఇంతకంటే మంచి మాటలున్నాయి.

సారొచ్చిండు

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నేను కోస్తా వాణ్ణి. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కొత్తలో మా ఆఫీసు అటెండరు ఫోన్లో ఎవరికో "ఆఁ, సారొచ్చిండు, లోపలున్నడు" అని చెప్పడం విన్నాను. సారు అంటే మా పై అధికారి. నా ఒళ్ళు మండింది. సారు అంటూనే వచ్చిండు ఏమిటి, వచ్చారు అనలేడా అనుకున్నాను. పైకి అనలేదు గాని కొన్నాళ్ళు అతనితో ముభావంగానే ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీద కూచుని అతను వాళ్ళ నాన్న గురించి చెప్పాడు. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. "మా నాయిన నన్ను మంచిగ చూసుకున్నడు సార్. ఒక్కనాడు కొట్టలే. సదువుకో బిడ్డా అనేటోడు." చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. చూసుకున్నడు, అనేటోడు. సారుకి వాడిన క్రియ, చనిపోయిన తండ్రికి వాడిన క్రియ ఒకటే. అతని భాషలో అందులో చులకన లేనే లేదు. మా ఊళ్ళో 'వచ్చాడు' అంటే ఏ అర్థమొస్తుందో ఆ అర్థాన్ని తెచ్చి అతని 'వచ్చిండు'కి అంటగట్టింది నేను.

ఆ తర్వాతే నాకు 'జయశంకర్ సారు' అన్న మాట చెవికెక్కింది. కొత్తపల్లి జయశంకర్ ప్రొఫెసరు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరులో ప్రొఫెసర్ జయశంకర్ అనే ఉంది. కాని తెలంగాణలో మామూలు మనిషి నోట ఆయన సారే. ఆ రెండక్షరాల్లో మా సారు, మాకు చెప్పిన సారు, మా తరఫున మాట్లాడిన సారు అన్నీ ఉన్నాయి. ఉపకులపతి అన్న మాటకి ఆ పని చేతకాదు.

'సార్' ఇంగ్లీషువాడి మాట, బానిసత్వం, మానెయ్యాలి అనేవాళ్ళున్నారు. 2021లో కేరళలో మాత్తూరు పంచాయతీ తమ ఆఫీసులో సార్, మేడమ్ అనక్కర్లేదని తీర్మానం చేసింది. పనికోసం వచ్చిన మనిషి చేతులు కట్టుకోకుండా మాట్లాడాలన్న ఆలోచన అది, నాకు చాలా నచ్చింది. కాని తెలుగులో 'సారు' అనే మాటని ఆ లెక్కన తీసెయ్యడానికి ఒప్పుకోను. చివర ఉకారం చేరి, 'మా' ముందుకొచ్చి కూచున్నాక అది ఎప్పుడో మనదైపోయింది. మాస్టరు మేష్టారైనట్టే, డాక్టరు డాక్టరమ్మ అయినట్టే.

ఈ 'అమ్మ', 'అయ్య', 'అన్న' చేర్చే అలవాటు గురించి ఒక్క మాట. ఎన్టీఆర్‌కి ఎన్ని బిరుదులున్నాయో లెక్కపెట్టడం కష్టం. 1968లో పద్మశ్రీ కూడా వచ్చింది. నిలబడింది అన్నగారు. అన్న అంటే ఇంట్లోవాడు, గారు అంటే గౌరవం. దగ్గరితనాన్నీ దూరాన్నీ ఒకే మాటలో కలిపి పలకడం మనకి ఊపిరి పీల్చినంత సులువు.

మరి దొర మాటేమిటి?

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను. ఎందుకంటే పైన నేనే ముచ్చటగా కాటన్ దొర అని రాశాను. అదే దొర తెలంగాణలో ఏం మాటో నాకు తెలుసు.

దేశ్‌ముఖ్ అన్నది నిజాం కాలపు హోదా. ఊరి మనిషి నోట అది దొర. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా" అన్న పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే. వెట్టి చేసిన మనిషి నోటి నుంచి వచ్చింది. అదీ వాడుక మాటే. అదీ జనం పెట్టుకున్నదే. మరి అందులో మర్యాద ఉందా? లేదు. అందులో ఉన్నది కొరడా భయం. 1946 నుంచి సాయుధ పోరాటంలో జనం తెగించి పోగొట్టుకోవాలనుకున్న వాటిలో ఆ మాట కూడా ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ మీద నిలబడిన ఐలమ్మ కాపాడుకున్నది తన పంటనే, నిజమే. కాని ఇకమీదట ఆ మాట అననన్న పంతం కూడా ఆమె నిలబడటంలో నాకు కనబడుతుంది.

అదే మాట మన్యంలో ఇంకోలా వినిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొర పేర్లలో దొర అంటే వాళ్ళ మనిషి, వాళ్ళ పెద్ద. ఒకే మాట గోదావరి ఒడ్డున కృతజ్ఞత, మన్యంలో అభిమానం, వెట్టి ఉన్న ఊళ్ళో భయం. కాబట్టి 'వాడుక మాటే అసలు మర్యాద' అని గంపగుత్తగా చెప్పేస్తే అబద్ధం చెప్పినట్టే. ఆ మాట అన్న మనిషికి అనకుండా ఉండే వీలు ఉందా లేదా అన్నది ముందు చూడాలి. మన్రోలప్ప అని పిల్లాడికి పేరు పెట్టుకోమని ఏ రైతునీ ఎవరూ బెదిరించలేదు.

ఇంకో సంగతి. కరణాలు, మునసబుల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. తర్వాత ఎన్నో ఏళ్ళు ఊళ్ళలో ఆ ఇళ్ళవాళ్ళు కరణంగారు, మునసబుగారుగానే ఉండిపోయారు. దాన్ని అభిమానం అనాలా, భయం అనాలా, ఉత్త అలవాటు అనాలా? మూడూ కలిసే ఉంటాయి. 1985లో మండలాలు వచ్చాక పుట్టిన 'ఎమ్మార్వో' కూడా అంతే. బోర్డు మీద మళ్ళీ తహసీల్దారు అని మారినా, కాయితం పట్టుకుని వచ్చిన రైతు ఎమ్మార్వో ఆఫీసెక్కడ అనే అడుగుతాడు. అక్కడ ఉన్నది అలవాటే. దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టను.

ఎవరు తగ్గిస్తున్నారు

నా వాదనకి అసలైన దెబ్బ మా చిన్నాన్న కూతురి దగ్గర తగిలింది. తను డాక్టరు. ఒక పెద్ద ఆసుపత్రిలో చేస్తుంది. మెడలో స్టెత్ ఉన్నా వార్డులో తనని సిస్టర్ అంటారు, పక్కనున్న మగ కాంపౌండరుని డాక్టర్ గారూ అంటారు. శిలాఫలకం గొడవ చెప్పి నా అభిప్రాయం చెప్పగానే తను అంది: "నీకేం అన్నయ్యా, నిన్ను ఎలా పిలిచినా నీ కుర్చీ నీకుంటుంది. నా పేరు ముందు ఆ డాక్టర్ అన్న ముక్క తీసేస్తే నేను చెప్పిన మందు కూడా వెయ్యరు."

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి అడిగాను: "పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు నిన్ను తల్లీ, అమ్మా అంటారు కదా, వాళ్ళని దిద్దుతావా?" తను వెంటనే అంది: "వాళ్ళనెందుకు దిద్దుతాను? ముసలమ్మ తల్లీ అందంటే ఇక నొప్పి ఎక్కడో చెప్పుకుంటుందని అర్థం. నాతో పనిచేసే పెద్దాయన మీటింగులో అమ్మాయ్ అన్నాడంటే నా మాట వినడని అర్థం."

ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్న తేడా తను ఒక్క ముక్కలో చెప్పేసింది. తల్లీ, అమ్మాయ్. వినడానికి రెండూ ఇంటి మాటలే. మొదటిది కింద నిలబడిన మనిషి పైకి చెయ్యి చాచి అన్న మాట. రెండోది పైనున్నవాడు పక్కవాణ్ణి కిందకి నొక్కుతూ అన్న మాట. ఆమె సంపాదించుకున్న హోదాని ఇంకెవరో తీసేసి, బదులుగా చుట్టరికం చేతిలో పెడుతున్నారు. అడిగి ఇచ్చింది కాదది.

సర్పంచుల సంగతీ ఇదే. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళకి, దళితులకి, గిరిజనులకి ఆ కుర్చీలో హక్కొచ్చింది. ఎన్నో ఊళ్ళలో గెలిచిన ఆవిడ పేరుతోనే పిలవబడుతుంది, ఆవిడ మొగుడు 'సర్పంచ్ గారు' అవుతాడు. దళితుడు సర్పంచ్ అయినచోట పాత పెత్తందారుకి గారు ఉంటుంది, ఈయనకి ఉత్త పేరుంటుంది. ఇలాంటిచోట నేను వాడుక మాటల అందం గురించి మాట్లాడను. అక్కడ బోర్డు మీద ఉన్న హోదా పూర్తిగా, స్పష్టంగా, గట్టిగా పలకాలి. ఆ పదం కోసం వాళ్ళు తరాల తరబడి ఎదురుచూశారు. ఇంకా ఇంకు ఆరకముందే దాన్ని కుదించే హక్కు ఎవరికీ లేదు.

ఫ్లెక్సీల మీద కనబడే 'అన్న' కూడా నాకు ఇబ్బందే. ఎవరూ పిలవకముందే తమకు తామే అన్న అని అచ్చేయించుకుంటే అది రావు బహదూర్ లాంటిదే, ఇచ్చేవాడు మారాడంతే.

నాయనా అన్న పిలుపు

హోదా ఉన్న చోట వాడుక మాటని దిద్దితే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను. ఒక భూమి తగాదాలో తెలిసినవాళ్ళకి తోడుగా కింది కోర్టుకి వెళ్ళాను. సాక్షి డెబ్బై దాటిన పెద్దావిడ. జడ్జి వైపు తిరిగి, "నాయనా, ఆ గట్టు మా మామగారి కాలం నించీ అక్కడే ఉంది. దాని పక్కన చింతచెట్టు ఉండేది, తుపానుకి పడిపోయింది" అని చెప్పుకొస్తోంది. ఎంత వివరంగా చెప్తోందంటే, ఆ గట్టు మాకందరికీ కనబడుతోంది. ఇంతలో పక్కనుంచి ఎవరో, "నాయనా ఏమిటి? యువరానర్ అనాలి" అని గదిమారు. ఆవిడ బిత్తరపోయింది. ఆ మాట పలకబోయి రాలేదు. చీర కొంగు చేతికి చుట్టుకుంది. ఆ తర్వాత అడిగినవాటికి అవునండీ, కాదండీ, తెలీదండీ అంది తప్ప చింతచెట్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

బార్ కౌన్సిల్ 2006లోనే మై లార్డ్ లాంటి వలసకాలపు పిలుపులు వద్దని తీర్మానం చేసింది. కింది కోర్టుల్లో సర్ అన్నా, ఆ అర్థమొచ్చే మన భాష మాట అన్నా చాలంది. 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతికి వాడే హిజ్ ఎక్సలెన్సీని పక్కన పెట్టించారు. అంత పెద్ద కుర్చీలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాయి. గదిమిన మనిషి మాత్రం ఒప్పుకోలేదు. ఆ పెద్దావిడ నాయనా అన్నప్పుడు కోర్టుకి జరిగిన అగౌరవం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. కొడుకు దగ్గర అబద్ధం చెప్పకూడదన్నట్టు చెప్తోందావిడ.

మళ్ళీ రాయి దగ్గరికి

మా గ్రూపులో డిగ్రీలు ఉండాలన్న మిత్రుణ్ణి ఈ మధ్య ఫోన్లో పట్టుకున్నాను. వాదనకి కాదు, ఎందుకంత పట్టుదల అని అడగడానికి. మేష్టారిది చాలా పేద కుటుంబమనీ, ఆ ఇంట్లో మొదట పదో తరగతి దాటింది ఆయనేననీ, ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా ఎమ్మెస్సీ కట్టి పాసయ్యారనీ చెప్పాడు. ఇవేవీ నాకు తెలీవు. ఆ ఎమ్మెస్సీ అన్న అక్షరాలు మా చెల్లెలి డాక్టర్ అన్న ముక్క లాంటివే. అవి తీసెయ్యమనడానికి నేనెవర్ని? అక్కడ తగ్గాను. ప్రముఖ, కోవిద లాంటివి తీసేద్దాం, పేరూ పిలుపూ పెద్దక్షరాల్లో, డిగ్రీ కింద చిన్నక్షరాల్లో పెడదాం అంటే వాడూ సరేనన్నాడు.

తీరా చెక్కేవాడికి పంపేముందు ఇంకో చిక్కొచ్చింది. నేను మేష్టారు అని రాశాను, ఇంకొకరు మాస్టారు అన్నారు, మరొకరు మాస్టరు గారు అన్నారు. ఎవరి ఇంట్లో ఎలా పలికితే అదే సరైందని వాళ్ళకి. మా క్లాసు అమ్మాయి ఒకామె పాత పెట్టె వెతికి, తనకి ఇంటర్‌లో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు ఆయన రాసిన కార్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. నాలుగు వాక్యాలు రాసి కింద సంతకం చోట పేరు కూడా లేదు. "మీ లెక్కల మాష్టారు" అని ఉంది.

అలాగే చెక్కమన్నాం.